రాయని నూట నాలుగు

ఆ శీతాకాలం నేను అచ్చు వేసిన పట్టికలో ఐదు వరసలున్నాయి. మూడు ఖండాల్లోని ఐదు రెండో శ్రేణి ఐస్ హాకీ లీగులు, ఒక్కో లీగు ఎదురుగా ఒక్కో అంకె. ఐదో వరస మా లీగుది. దాని ఎదురుగా 0.55 అని ఉంది.

ఆ అంకె మా ఇంట్లో ఏం చేసిందో చెప్పాలంటే ముందు అది ఎలా వచ్చిందో చెప్పాలి.

మొదటి శ్రేణి లీగుల గురించి ఎవరూ కొట్టుకోరు. ఏది గొప్పదో అందరికీ తెలుసు. తగువంతా రెండో మెట్టు దగ్గరే. ఒక ఖండంలో రెండో శ్రేణి జట్టంటే పై జట్టుకి పెరటి తోట. కావాల్సినప్పుడు వచ్చి కోసుకుపోతారు. పొద్దున ఇక్కడ ప్రాక్టీసు చేసినవాడు సాయంత్రం అక్కడ ఆడతాడు. ఇంకో ఖండంలో గెలిస్తే జట్టుకి జట్టే పైకెక్కుతుంది, ఓడితే జారుతుంది. మూడోచోట ఎక్కడం లేదు, కోసుకుపోవడం లేదు. ఫ్యాక్టరీలు నడిపే జట్లు, షిఫ్టు దిగాక ప్రాక్టీసు. ఆడే మంచు మైదానాలు, రింకులు, కూడా ఒక కొలతవి కావు. ఒకచోట వెడల్పు ముప్పై మీటర్లు, ఒకచోట ఇరవై ఆరు. వీటిని పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువో చెప్పమని పాఠకులు ప్రతి వారం ఉత్తరాలు రాసేవాళ్లు. మా డెస్కు ఇన్‌చార్జి ఆ కట్ట తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

"నువ్వు లెక్కల మనిషివి కదమ్మా. వీళ్ల నోళ్లు మూయించు."

నాకు దొరికిన దారి ఒక్కటే. లీగులు ఒకదానితో ఒకటి ఆడవు గానీ ఆటగాళ్లు అటూ ఇటూ మారతారు. ఇక్కడ ఆటకి ఒక పాయింటు తెచ్చుకున్నవాడు అక్కడికి వెళ్లి అర పాయింటే తెచ్చుకుంటే, ఇక్కడి పాయింటు అక్కడ సగానికి మారుతుందన్నమాట. పన్నెండేళ్లలో అలా మారినవాళ్ల పేర్లు ఏరాను. కొత్తచోట కనీసం ఇరవై ఆటలు ఆడినవాణ్ణే లెక్కలోకి తీసుకుంటానని నియమం పెట్టుకున్నాను. వెడల్పు రింకుల లీగుని ఒకటి అనుకుంటే మా లీగు 0.55 దగ్గర తేలింది.

మా లీగులో మా తమ్ముడు ఆడతాడు. అందుకని ఆ వరస దగ్గర చెయ్యి ఇంకాస్త బిగించాను. తమ్ముడి లీగుని అక్క ఎత్తి రాసిందన్న మాట నా మీద పడకూడదు. పడలేదు కూడా. పట్టిక వచ్చిన రోజు ఇన్‌చార్జి, "సొంత లీగుని అడుగున పెట్టావు, నీది రాతి గుండె" అని నవ్వాడు. ఆ మాట నాకు కితాబులాగే ఉంది.

ఇలాంటి కితాబులకి మా ఇంట్లో అలవాటు ఉంది. మా నాన్నని ఊళ్లో ‘త్రాసు’ అంటారు. పగలు గడియారాలు బాగుచేస్తాడు. శీతాకాలం శనివారాల్లో రింకు పక్కన అద్దాల గదిలో కూర్చుని స్కోరు రాస్తాడు. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా రాస్తున్నాడు. హాకీలో గోలు కొట్టినవాడికి ఒక పాయింటు, దానికి ముందు వరసగా పక్ అనే రబ్బరు బిళ్లని అందించిన ఇద్దరికి చెరొక పాయింటు. ఆ అందించడాన్ని అసిస్ట్ అంటారు. మా లీగులో గోలు కొట్టిందెవరో రిఫరీ చెబుతాడు. అందించిందెవరో చూసి రాసేది స్కోరరు. మా రింకులో, అంటే ‘ఇంట్లో’, ఆడిన ఆటలకి నాన్న, బయట ఆడినవాటికి ఆ ఊరి స్కోరరు. అసిస్టు తనదని ఎవరైనా అనుకుంటే ఆట ముగిసేలోపు అద్దం దగ్గరికి వెళ్లి అడగొచ్చు. ఆట ముగిశాక ఆ కాగితం రాయి మీద రాతే.

తమ్ముడి నంబరు పదిహేడు. ఆ నంబరు వాడి చొక్కా మీద కుట్టింది అమ్మ. క్లబ్బు చొక్కాలన్నీ అమ్మే కుడుతుంది. "ఇంట్లో లెక్కలవాళ్లు ఇద్దరు, ఆడేవాడు ఒక్కడు. వాడు ఎప్పటికి గెలుస్తాడో" అనేది.

పట్టిక వచ్చిన రెండు వారాలకి వెడల్పు రింకుల లీగు నుంచి ఒక సెలెక్టరు మా రింకుకి వచ్చాడు. విలేఖరుల బెంచీ దగ్గరికి వెతుక్కుంటూ వచ్చి చెయ్యి కలిపాడు. పర్సు తెరిచి మడత పెట్టిన కాగితం తీశాడు. నా పట్టికే. ఇన్నేళ్లూ మీ లీగు పాయింటుని మేం 0.65 అని ఉజ్జాయింపుగా కట్టేవాళ్లమన్నాడు. ఆ లెక్కన నలభై ఎనిమిది ఆటల సీజనులో ముప్పై పాయింట్లున్నవాడి పేరు వాళ్లు తీసుకునేవాళ్ల జాబితాలోకి ఎక్కేది. ఇప్పుడు మీ లెక్క వచ్చింది కాబట్టి గీత ముప్పై ఐదుకి జరిపామన్నాడు. కృతజ్ఞతలు కూడా చెప్పాడు.

ఆ రోజుకి తమ్ముడు నలభై రెండు ఆటలు ఆడాడు, ముప్పై ఒక్క పాయింట్లు. కిందటేడు ఇరవై తొమ్మిది దగ్గర ఆగాడు. అంతకుముందేడు ఇరవై ఎనిమిది. ఈసారే మొదటిసారి గీత దాటాడు, నేను గీత జరిపాను. ఆ వేసవిలో వాడికి ముప్పై నిండుతాయి. ముప్పై నిండిన పరాయి ఆటగాణ్ణి అక్కడ తీసుకోరు.

ఆ సంగతి భోజనాల దగ్గర నేనే చెప్పాను, ఇంకొకరి నోట వినకూడదని. అమ్మ గరిటె గిన్నెలోనే వదిలేసింది. నాన్న తల ఎత్తలేదు. తమ్ముడు చివరి ముద్ద దాకా తిని, నీళ్లు తాగి, అప్పుడు అడిగాడు.

"అక్కా, నీ లెక్క సరిగ్గానే ఉందా?"

"ఉంది."

"ఇంకోసారి చూస్తావా?"

"చూస్తాను."

"ఉంటే ఉండనీ. నాలుగు పాయింట్లే కదా, ఆరు ఆటలున్నాయి" అన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఆఫీసులో మా వరస మళ్లీ మొదటి నుంచి కట్టాను. కూడికల్లో తప్పు లేదు. ఇంక మిగిలింది పాయింట్లు రాసే తీరు. ఏ ఊరి స్కోరరైనా సొంత జట్టుకి కాస్త చెయ్యి జారుస్తాడు. ఐదు లీగుల్లోనూ ఇంట్లో అసిస్టులు బయటకంటే నూటికి పదీ పదిహేనూ ఎక్కువ. మా జట్టులో ఒక్కొక్కరిదీ తీసి చూశాను. అందరిదీ అంతే. తమ్ముడిది వచ్చేసరికి మూడు సీజన్లలో బయట నలభై ఐదు, ఇంట్లో పదహారు.

టైపు తప్పనుకున్నాను. లీగు ఆఫీసుకి ఫోను చేసి కాగితాలు చదివించుకున్నాను. పదహారే.

గ్యాలరీ కింద ఉన్న గదిలో క్లబ్బు వీడియోలు దాస్తారు. అవి చూసుకునే ఆయన తాళం తీసి, ఏం వెతుకుతున్నావమ్మా అని అడిగాడు. కనిపిస్తే చెబుతానన్నాను. నాలుగు మధ్యాహ్నాలు అక్కడే కూర్చున్నాను. మూడు సీజన్లలో ఇంట్లో పడ్డ గోల్స్ ఒక్కొక్కటీ ఆపి, వెనక్కి తిప్పి, పక్ ఎవరి కర్ర నుంచి ఎవరి కర్రకి వెళ్లిందో రాసుకున్నాను. పక్కన నాన్న రాసిన కాగితం నకలు పెట్టుకున్నాను. మొదటి రోజు సాయంత్రానికి తొమ్మిది దొరికాయి. పక్ తమ్ముడి కర్ర నుంచే వెళ్లింది. కాగితం మీద ఇంకెవరి నంబరో ఉంది, లేకపోతే ఖాళీ ఉంది. నాలుగో రోజుకి నలభై ఒకటి.

రాసుకున్నది రెండోసారి లెక్కపెట్టడం నా అలవాటు. ఆ రోజు లెక్కపెట్టలేకపోయాను. కాగితాలు సంచీలో పెట్టుకుంటుంటే ఆయన మళ్లీ అడిగాడు, దొరికిందా అని. లేదన్నాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక మనిషికి నేను చెప్పిన మొదటి అబద్ధం బహుశా అదే.

నాన్న కొట్టు రింకుకి రెండు వీధులవతల. నేను వెళ్లేసరికి కంటికి భూతద్దం బిగించుకుని ఒక చేతి గడియారం విప్పి ఉన్నాడు. జాబితా ఆయన ముందు పెట్టాను. తేదీ, ఎదుటి జట్టు, గోలు నిమిషం, నలభై ఒక్క వరసలు. భూతద్దం తియ్యకుండానే చదివాడు. ఒక్కో వరస మీద పట్టకారు మొన ఆనించుకుంటూ కిందిదాకా వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను, లేదంటాడనుకున్నాను. పొరపాటైందంటాడేమోనని ఆశపడ్డాను.

"ఇందులో మూడు తప్పు" అన్నాడు. "పదమూడోది, మధ్యలో ఎదుటివాడి కర్రకి పక్ చిక్కింది. అక్కడితో వరస తెగిపోతుంది. ఇరవై ఆరోదీ అంతే. ముప్పైయోది వాడు అందించాక, గోలు కొట్టినవాడు కాక, ఇంకో ఇద్దరు ముట్టుకున్నారు. ఆ మూడూ తీసెయ్."

"మిగతావి?"

"మిగతావి వాడివే."

జాబితాలో ఆ మూడు వరసలూ కొట్టేశాను.

"మొత్తం ఎన్ని నాన్నా? వాడు ఆడిన ఎనిమిదేళ్లలో?"

"నూటమూడు. మొన్న శనివారంతో నూట నాలుగు."

వెతుక్కోలేదు, ఆలోచించలేదు. టైమెంతని అడిగితే చెప్పినట్టు చెప్పాడు. నేను కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయాను. నాన్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత చెప్పింది నాకు చెప్పినట్టు లేదు, ఎవరో అధికారి ముందు చెబుతున్నట్టుంది. తమ్ముడి మొదటి సీజనులో, ఇంట్లో రెండో ఆటలో వాడికి అసిస్టు రాశాడట. న్యాయమైనదే. గ్యాలరీలోంచి ఎవరో, త్రాసు ఒక పక్కకి మొగ్గింది రోయ్ అని అరిచారట. జనం నవ్వారు. ఎదుటి జట్టు మేనేజరు ఫిర్యాదు రాశాడు. లీగు విచారించి నాన్న రాసిందే సరైనదని తేల్చింది.

"తేల్చారు కదా, మరింకేం?" అన్నాను.

"తేల్చారు. నవ్వు మాత్రం నవ్వేశారు కదమ్మా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడినైపోయాను. అప్పట్నుంచి వాడి దగ్గర కొంచెం అనుమానమున్నా రాయలేదు. తర్వాత్తర్వాత అనుమానం లేకపోయినా రాయలేదు. చెయ్యి రాయలేదు."

"వాడికి తెలుసా?"

"నాకు తెలియదు."

"ఇప్పుడేం చేస్తారు?"

నాన్న పట్టకారుతో గడియారంలోంచి ఒక మర తీసి మూతలో వేశాడు. "నాలుగు ఆటలున్నాయి" అన్నాడు.

ఈలోగా జరిగిన రెండు ఆటల్లో కాగితం మీద తమ్ముడికి ఏమీ చేరలేదు, ముప్పై ఒకటి దగ్గరే ఉన్నాడు. మిగిలిన నాలుగింటిలో రెండు బయట ఆడాడు. అక్కడ ఒక గోలు కొట్టాడు, ఒకటి అందించాడు. ఇంట్లో ఆడిన మొదటిదాంట్లో ఒకటి అందించాడు. స్పీకరులో ‘అసిస్ట్, పదిహేడు’ అని వినబడ్డప్పుడు విలేఖరుల బెంచీ మీద నా పెన్ను ఆగింది. నిజంగా వాడిదే. నాన్న రాశాడు. ముప్పై నాలుగు.

ఇంట్లో ఆ పది రోజులూ నాన్న సరిగ్గా తినలేదు. అమ్మ నన్ను వంటగదిలోకి పిలిచి, ఆయన్ని ఏమన్నావని నిలదీసింది. ఏమీ అనలేదన్నాను. "మీరు ఏమీ అనుకోకుండా ఎప్పుడున్నారు గనక. మాట బయటపడదు, అంతే" అంది.

చివరి ఆట శనివారం మధ్యాహ్నం రెండింటికి. సెలెక్టరు మూడో వరసలో కూర్చున్నాడు. ఏ క్లబ్బు చొక్కా అయినా దగ్గరగా చూడనని అమ్మకో పట్టుదల, చూస్తే కుట్లే కనిపిస్తాయని. ఆ రోజు మాత్రం ముందుకొచ్చి రింకు అద్దం పక్కనే నిలబడింది. రెండు భాగాలైపోయాయి. తమ్ముడికి ఏమీ రాలేదు. మూడో భాగంలో ఆరు నిమిషాలు మిగిలుండగా ఎదుటి గోలు ముందు గుంపు కట్టారు. వెనక నుంచి మా నాలుగో నంబరు పక్‌ని నేరుగా తోశాడు. ముందున్నవాడు తాకించాడు. గోలు. తమ్ముడు పక్కనే ఉన్నాడు. వాడి కర్ర మంచుకి మూరెడు పైన, గాలిలో ఉంది. నేను చూశాను.

స్పీకరు మోగింది. గోలు కొట్టినవాడి నంబరు చెప్పారు. తర్వాత, "అసిస్ట్, పదిహేడు."

జనం చప్పట్లు కొట్టారు. అమ్మ రెండు చేతులూ అద్దానికి ఆనించింది. మూడో వరసలో సెలెక్టరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ముప్పై ఐదు.

నేను అద్దాల గది వైపు చూశాను. నాన్న తల వంచుకుని ఉన్నాడు. ఇరవై ఆరేళ్లలో లేనిది ఒకటి రాసింది అప్పుడే. రాయకపోవడం కంటే ఇది పెద్ద తప్పని ఆ క్షణంలో నాకు అనిపించలేదు. నిజం చెప్పాలి కాబట్టి రాస్తున్నాను, అనిపించలేదు. ఎవరూ చూడకుండా ఉంటే బాగుండునని మాత్రం అనిపించింది.

తమ్ముడు మధ్య గీత దాకా వెళ్లాడు. స్పీకరు విని ఆగాడు. వెనక్కి తిరిగి స్కోరరు గది దగ్గరికి జారుకుంటూ వెళ్లి చేతి తొడుగుతో అద్దం మీద రెండుసార్లు తట్టాడు. నాన్న చిన్న కిటికీ తెరిచాడు. తమ్ముడు చెప్పింది నాలుగైదు మాటలుండొచ్చు. నాన్న వాడి ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. రిఫరీ ఈల వేసి తొందరపెట్టాడు. అప్పుడు నాన్న కాగితం మీదికి వంగాడు.

"సవరణ. అసిస్ట్, నాలుగు. పదిహేడు కాదు."

జనం గొణుక్కున్నారు. ఎవరో ఈల వేశారు. సెలెక్టరు పుస్తకం తెరిచి కొట్టేశాడు. మిగిలిన ఆరు నిమిషాల్లో తమ్ముడికి పక్ మూడుసార్లు వచ్చింది. గోలు పడలేదు.

స్కేట్లు పదునుపెట్టే గది ముందు నడవాలో వాణ్ణి పట్టుకున్నాను. తడి జుట్టుతో, ఒక స్కేటు విప్పి, ఒకటి కాలికే ఉంచుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పావురా?" అన్నాను. ఆ ప్రశ్న నా నోట్లోంచి వచ్చిందంటే ఇప్పటికీ నమ్మకం కుదరదు.

"నాది కాదు కదా."

"మరి నీవి..." అని ఆగిపోయాను.

"తెలుసక్కా. రెండో ఏడు నుంచీ తెలుసు. డ్రెస్సింగ్ రూములో దాన్ని ఇంటి పన్ను అంటారు. నాన్నకి చెబుతామన్నారు, నేనే వద్దన్నాను."

"అడిగితే రాసేవాడు కదరా."

"రాసేవాడు. రాశాక ఆ కుర్చీలో ఇంకో రోజు కూర్చునేవాడు కాదు." రెండో స్కేటు తాడు లాగాడు. "పోయినవి నావే. ఇది మాత్రం నాది కాదు."

స్కోరు కాగితానికి నాలుగు నకళ్లు. గులాబీ రంగుది పత్రికలకి. నాన్న దాన్ని నా చేతికివ్వలేదు, విలేఖరుల బెంచీ మీద పెట్టి, కోటు వేసుకుని వెళ్లిపోయాడు. కాగితం అడుగున ‘ఇతర విషయాలు’ అని ఒక గడి ఉంటుంది. దాంట్లో ఎప్పుడూ ఏదీ ఉండదు. ఆ రోజు నాలుగు వరసలున్నాయి.

‘చివరి గోలుకి పదిహేడో నంబరుకి అసిస్ట్ రాశాను. అది అతనిది కాదు. తెలిసే రాశాను, అతను చెప్పగా దిద్దాను. ఎనిమిది సీజన్లలో ఈ రింకులో అతనివి నేను రాయనివి నూట నాలుగు. అవీ తెలిసే. అతను నా కొడుకు. ఇకపై స్కోరరుగా ఉండను.’ కింద సంతకం.

డెస్కు ఇన్‌చార్జి దాన్ని నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని ముగించాడు. వేస్తావా అని అడిగాడు. ఉన్నదున్నట్టు వేశాను.

మంగళవారం మధ్యాహ్నం పట్టిక తాలూకు నోటుబుక్కు తీశాను. సర్ది బీరువాలో పెట్టేద్దామని తీశాను, అంతే. పేజీలు తిప్పుతుంటే మా వరస దగ్గర నలుగురి పేర్లు కొట్టేసి ఉన్నాయి. నలుగురూ మా లీగు నుంచి వెళ్లి అక్కడ బాగా ఆడినవాళ్లు. ముగ్గురివి పంతొమ్మిది ఆటలు, ఒకడివి పద్దెనిమిది. పక్కన నా చేతిరాతతోనే ‘వద్దు’ అని ఉంది. ఇరవై నియమం నాదే కాబట్టి అందులో వింత లేదు. అలవాటు కొద్దీ మిగతా నాలుగు వరసలూ చూశాను. అక్కడా పంతొమ్మిది ఆటలవాళ్లున్నారు. ఒకచోట పదిహేడు ఆటలవాడున్నాడు. వాళ్ల పేర్లు కొట్టేసి లేవు. పక్కన ‘పరవాలేదు’ అని ఉంది. అదీ నా చేతిరాతే.

తమ్ముడు అడిగిన రోజు కూడికలన్నీ మళ్లీ చూశాను గానీ కొట్టేసినవాళ్ల వైపు చూడలేదు. కొట్టేసినవాళ్లు లెక్కలో ఉండరు కదా.

ఆ నలుగుర్నీ కలిపి కట్టాను. 0.60. ఆ లెక్కన గీత ముప్పై రెండు. తమ్ముడివి ముప్పై నాలుగు.

సెలెక్టరుకి ఫోను చేశాను. ఆయన మర్యాదగా విన్నాడు. జాబితా నిన్న మధ్యాహ్నం మూసేశామన్నాడు. మీ పట్టికని పట్టుకునే మూసేశాం, అంత నిక్కచ్చిగా ఎవరూ చెయ్యలేదన్నాడు.

బుధవారం పత్రిక ఏడో పేజీలో అడుగున సవరణ వచ్చింది. ‘రెండో శ్రేణి లీగుల పట్టికలో ఐదో వరసలో 0.55 అని ఉన్నచోట 0.60 అని చదువుకోవాలి. ఆ లీగులో ఈ విలేఖరి తమ్ముడు ఆడతాడు. పక్షపాతమంటారేమోనన్న భయంతో ఆ వరసకి వేరే నియమం వాడటం జరిగింది.’ ఇన్‌చార్జి ఆ చివరి రెండు వాక్యాలూ అక్కర్లేదన్నాడు. ఉంచమన్నాను.

పొద్దున నేను లేచేసరికి ముగ్గురూ బల్ల దగ్గరున్నారు. తమ్ముడి ముందు పత్రిక ఏడో పేజీ దగ్గర మడిచి ఉంది. దాని పక్కన శనివారం నాటి గులాబీ కాగితం. నా సంచీలోంచి ఎప్పుడు తీశాడో తెలియదు. రెంటినీ అంచులు కలిసేలా పెట్టాడు. ఇది చదివాడు, అది చదివాడు. నాన్న టీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. అమ్మ ఒకసారి నన్ను, ఒకసారి నాన్నని చూసింది.

"మీ ఇద్దరిలో ఒక్కరికైనా నేను పరాయివాణ్ణయ్యుంటే బాగుండేది" అన్నాడు తమ్ముడు.

కోపంగా అనలేదు. రేపు రింకు ఎన్నింటికి తెరుస్తారని అడిగినట్టు అన్నాడు. తర్వాత పత్రిక నాన్న వైపుకి, గులాబీ కాగితం నా వైపుకి జరిపి, టీ తాగాడు.